పెన్సిల్ పట్టు రావాలంటే ముందు అనపగింజలు పితకనివ్వండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. బాబుకి 4 ఏళ్ల 8 నెలలు. పెన్సిల్‌ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటున్నాడు, గీత సరిగా పడటం లేదు, రెండు వరుసలు రాసేసరికి చెయ్యి నొప్పి అని ఏడుస్తున్నాడు. 'ఫైన్ మోటార్ స్కిల్స్ వీక్', అంటే వేళ్లతో చేసే సన్నపనుల్లో బలహీనంగా ఉన్నాడని, టీచరమ్మ డైరీలో రాసి పంపారు. మీరు మూడు విషయాలు అడిగారు: ఆన్‌లైన్‌లో చూసిన క్రాఫ్ట్ కిట్ కొనాలా, ఇంట్లో ఏ చేతిపనులు చేయించాలి, స్కూలు వాళ్లు రోజూ ఇచ్చే రెండు పేజీల హోంవర్కు గురించి ఏం చెప్పాలి.

సూటిగా చెప్తాను. కిట్ కొనకండి. మూడు నెలలు ఇంట్లో పెన్సిల్ పక్కన పెట్టండి. రోజుకి 20 నిమిషాలు బాబు చేత పితికించండి, పిసికించండి, చింపించండి, గుచ్చించండి, కత్తిరింపించండి. వీటికి కావాల్సినవన్నీ మీ వంటింట్లో, పూజగదిలో, పాత పేపర్ల కట్టలో ఉన్నాయి. ఒక మంచి కత్తెర మాత్రం కొనాలి, దాని సంగతి కింద చెప్తాను.

నేను డాక్టర్ని కాదు, థెరపిస్టునీ కాదు. తిరుపతిలో 19 ఏళ్లు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఆదివారాలు మా మిద్దె మీద చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేతిపనులు చేయిస్తున్నాను. ఇక్కడ రాసేదంతా ఆ పిల్లల చేతుల్ని చూసి నేర్చుకున్నదే.

మొదట్లో నేనూ మీ టీచరమ్మలాగే ఆలోచించేదాన్ని. రాత రాకపోతే ఇంకాస్త రాయించాలి, చుక్కల మీద దిద్దించాలి, పెన్సిల్‌కి రబ్బరు గ్రిప్ తొడగాలి అనుకునేదాన్ని. నా ఆలోచన మార్చింది ఒక పాప. వాళ్లమ్మ గుడి దారిలో పూలమ్మేది. పాప అంతకుముందు ఏ ప్లేస్కూలుకీ వెళ్లలేదు, పలక కూడా ముట్టుకోలేదు. ఐదేళ్లకి నేరుగా మా క్లాసుకి వచ్చింది. మొదటి రోజు క్రేయాన్ చేతికిస్తే మూడు వేళ్లతో పొందిగ్గా పట్టుకుని, కాయితం చిరగకుండా, గీత తేలిపోకుండా ఒక గుండ్రం చుట్టింది. రెండేళ్లుగా వర్క్‌షీట్లు దిద్దుతున్న పిల్లలకి రాని పట్టు ఈ పాపకి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాను. సాయంత్రం వాళ్లమ్మ బుట్ట దగ్గర ఆగి చూస్తే అర్థమైంది. తల్లి మాల కడుతుంటే ఈ పాప పక్కన కూర్చుని కనకాంబరాలు ఏరి, రెండు కాడలు ఇటు, రెండు కాడలు అటు పేర్చి తల్లి వేళ్ల సందులోకి అందిస్తోంది. పువ్వు నలగకూడదు, జారిపోనూ కూడదు. రోజుకి కొన్ని వందల పూలు. మూడేళ్ల వయసు నుంచీ అదే పని.

నేను క్లాసులో నేర్పలేకపోయింది ఆ పువ్వుల బుట్ట నేర్పింది. అప్పట్నించీ జూన్‌లో కొత్త పిల్లలు రాగానే రాత చూడటం మానేశాను. టిఫిన్ బాక్సు మూత ఎవరు తీసుకోగలుగుతున్నారు, చొక్కా బొత్తాం ఎవరు పెట్టుకోగలుగుతున్నారు, వాటర్ బాటిల్ మూత ఎవరు తిప్పగలుగుతున్నారు అన్నది చూసేదాన్ని. రాతలో ఎవరు తడబడతారో నాకు ఆ మొదటి వారంలోనే తెలిసిపోయేది.

కారణం మీకు తెలిస్తే ఓపిక వస్తుంది కాబట్టి అది కాస్త చెప్తాను. వేళ్లని గట్టిగా ముడిచే కండరాలు వేళ్లలో ఉండవు. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉండి, తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లని లాగుతాయి. సన్నపనికి కావాల్సిన చిన్న కండరాలు అరచేతిలో, ముఖ్యంగా బొటనవేలి కింద మెత్తగా ఉబ్బినట్టుండే చోట ఉంటాయి. ఇవి బలపడకుండా పెన్సిల్ ఇస్తే పిల్లవాడు ఉన్న బలంతో నెట్టుకొస్తాడు. గుప్పిట బిగిస్తాడు, మణికట్టు వంచేస్తాడు, భుజం పైకి ఎత్తేస్తాడు. నొప్పి నిజంగానే వస్తుంది. బాబు సాకులు చెప్పడం లేదమ్మా, దయచేసి ఆ మాట నమ్మండి.

మామూలుగా ఏడాదిన్నర లోపు పిల్లలు క్రేయాన్‌ని పిడికిట్లో పట్టుకుంటారు. రెండు మూడేళ్లకి వేళ్లన్నీ కిందికి చూస్తూ పట్టుకుంటారు. మూడున్నర, నాలుగేళ్లకి మూడు నాలుగు వేళ్ల పట్టు వస్తుంది, కానీ చెయ్యంతా కలిసి కదులుతుంది. చెయ్యి నిలకడగా ఉండి వేళ్లు మాత్రమే కదలడం నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. మీ బాబు కొంచెం వెనకున్నాడు, నిజమే. చెయ్యి జారిపోయింది మాత్రం ఏమీ లేదు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యండి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమనండి. సున్నా గుండ్రంగా నిలబడితే బాగున్నట్టే. వేళ్లు వెనక్కి విరిగి సున్నా నలిగిపోయి బాదంగింజలా అయిపోతే, పని చెయ్యాల్సింది అక్కడే.

పితకడం. మన చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఇంతకంటే మంచి వ్యాయామం నేను చూడలేదు. చలికాలంలో అనపకాయలు వస్తాయి కదా. గింజలు వలిచి, రాత్రి నానబెట్టి, పొద్దున పితికిపప్పు కోసం ఒక్కొక్క గింజా పితుకుతాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి సరైన చోట నొక్కితే పప్పు తుపుక్కున బయటికి దూకుతుంది, తోలు వేళ్లలో మిగిలిపోతుంది. పిల్లలకి ఆ దూకడం పెద్ద సరదా. ఎక్కువ నొక్కితే పప్పు చితుకుతుంది, తక్కువ నొక్కితే రాదు. ఎంత బలం ఎక్కడ పెట్టాలో వేలికి తెలియడం అంటే ఇదే. పెన్సిల్ విషయంలో మీ బాబుకి తెలియనిదీ ఇదే. మొదటి రోజు ఒక గుప్పెడు గింజలు చాలు. కాయలు వలవడం కూడా వాడి చేతే చేయించండి. సీజన్ కాకపోతే ఎండు గింజలు నానబెట్టుకోవచ్చు, లేదంటే రాత్రి నానిన బాదంపప్పు తోలు తీయించండి. పచ్చి అనపగింజల్ని మాత్రం నోట్లో పెట్టుకోనివ్వకండి, అవి ఉడికాకే తినాలి. చెనిక్కాయలు (వేరుశనగకాయలు) వలవడం, చింతపండులో గింజ తీయడం కూడా ఇదే జాతి పనులు. చెనిక్కాయ కొంచెం గట్టిది, వేలు నొప్పెడుతుంది కాబట్టి దాన్ని రెండో నెలకి ఉంచుకోండి.

ఇది క్రాఫ్టు కాదు కదా అని మీకు అనిపించవచ్చు. చేతికి ఆ తేడా తెలియదు. పైగా తను పితికిన పప్పు సాయంత్రం రాగిసంగటితో పాటు తన కంచంలోకే వచ్చిందని చూసిన పిల్లవాడు మర్నాడు పిలవకుండానే వచ్చి కూర్చుంటాడు.

పిసకడం. చపాతీ పిండి ముద్ద ఇవ్వండి. అరచేతులతో ఉండలు చుట్టడం అందరూ చేయిస్తారు, అది మంచిదే. అసలు మేలు చేసేది మాత్రం మూడు వేళ్ల కొసలతో శనగగింజంత ఉండలు చుట్టడం. ఆ చిన్న ఉండలతో గొంగళిపురుగు చెయ్యొచ్చు, ద్రాక్షగుత్తి చెయ్యొచ్చు. ముద్దలో పది అలసందలు దాచి వెతికి తియ్యమనండి. వినాయక చవితికి బంకమన్ను దొరుకుతుంది, అప్పుడు రెండు కిలోలు ఎక్కువ తెచ్చి తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టుకోండి, ఎండకుండా చూసుకుంటే నెలల తరబడి పనికొస్తుంది. బంకమన్ను పిండికన్నా గట్టిగా ఎదురు తిరుగుతుంది కాబట్టి చేతికి ఎక్కువ పని. వినాయకుడి చెవులు నొక్కి పలచగా చెయ్యడం, తొండం మెలిపెట్టడం, ఉండ్రాళ్లు చుట్టి ముందు పెట్టడం, ఇవన్నీ వాడినే చెయ్యనివ్వండి. విగ్రహం వంకరగా వస్తే రానివ్వండి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నా ఉద్యోగం మొదటి ఏళ్లలో చవితికి క్లాసంతా ఒకేలాంటి వినాయకుళ్లు చెయ్యాలి, తల్లిదండ్రులు చూసి మెచ్చుకోవాలి అని తాపత్రయపడేదాన్ని. రాత్రుళ్లు కూర్చుని 38 మంది పిల్లలకి చెవులు, తొండాలు, కిరీటాలు నేనే కత్తిరించి పెట్టేదాన్ని. పిల్లలు జిగురు రాసి అంటించేవాళ్లు, అంతే. ప్రదర్శన అద్భుతంగా ఉండేది. పని చేసిన చేతులు మాత్రం నావి. ఆ పిల్లలకి రావాల్సిన మూడు వారాల సాధన నేను తీసేసుకున్నాను. ఈ రోజుకీ అది గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

కిట్ వద్దని చెప్పిందీ ఇందుకే. మీరు చెప్పిన రకం కిట్లలో ముక్కలన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, బొక్కలు ముందే కొట్టి ఉంటాయి, మడతల మీద గీతలు ముందే పడి ఉంటాయి. చెయ్యి చెయ్యాల్సిన పని యంత్రం చేసేసింది. పిల్లవాడికి అంటించడం ఒక్కటే మిగులుతుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. అందులో స్టిక్కర్లు ఒలిచే పని మంచిదే, కాదనను. దానికి మీ ఇంట్లో బొట్టుబిళ్లల అట్ట ఉంది. పెద్ద సైజు బిళ్లలతో మొదలుపెట్టి, నెమలి బొమ్మ గీసిచ్చి ఈకల మీద అంటించమనండి, వారం వారం బిళ్ల సైజు తగ్గించండి. ఆవగింజంత బిళ్లని నలక్కుండా ఒలిచి సరైన చోట పెట్టగలిగిన రోజున ఆ వేళ్లని మెచ్చుకోండి.

చించడం. దీన్ని అందరూ తక్కువగా చూస్తారు. రెండు చేతుల బొటన, చూపుడు వేళ్లతో పేపరు అంచు దగ్గర పట్టుకుని, ఒక చెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి లాగాలి. ఇంగ్లీషు పేపరైనా తెలుగు పేపరైనా ఒక దిక్కున తిన్నగా చిరుగుతుంది, ఇంకో దిక్కున వంకరపోతుంది. ఆ సంగతి పిల్లవాడినే కనిపెట్టనివ్వండి. చింపిన పేలికల్ని మూడు వేళ్లతో ఉండలు చేసి, మామిడికాయ బొమ్మ లోపల అంటించమనండి. కొంచెం వచ్చాక గీత గీసి గీత వెంబడి చింపమనండి. కత్తెర పట్టుకోవడానికి భయపడే పిల్లలకి ఇది మంచి మొదలు.

గుచ్చడం. పూలమాల కట్టడం ఐదేళ్ల లోపు పిల్లలకి రాదు, దారం ముడి వెయ్యలేరు. ఆ పాపలాగే పూలు జతలుగా పేర్చి అందించడం మాత్రం మీ బాబుకి వస్తుంది. శుక్రవారం పొద్దున మీరు మాల కట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. మొగ్గల్ని పెద్దవీ చిన్నవీ వేరు చేయించండి. ఇక విడిగా గుచ్చడానికి ఒక వరస ఉంది, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొట్టమొదటే మెత్తటి దారం, చిన్న పూస ఇస్తారు. పిల్లవాడు నాలుగుసార్లు ప్రయత్నించి విసిరికొడతాడు. ముందు గట్టిది, తర్వాత మెత్తది. మొదటి వారం మట్టిముద్దలో చీపురుపుల్ల నిలబెట్టి దానికి బెండకాయ చక్రాలు గుచ్చమనండి. చీపురుపుల్ల కొస కంటికి తగలకుండా విరిచి మొద్దుగా చేసి, మీరు పక్కనే ఉండండి. రెండో వారం షూ లేసు ఇవ్వండి, దాని కొస గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత మామూలు దారం, కొసకి కొవ్వొత్తి మైనం పూసి. అప్పుడు ప్లాస్టిక్ సూదితో బంతిపూలు. బంతిపువ్వు లావుగా, తొడిమ గట్టిగా ఉంటుంది, సూది దిగేటప్పుడు చేతికి తెలుస్తుంది. మా మిద్దె మీద పిల్లలు దసరాకి గుమ్మానికి కట్టే దండ మొత్తం వాళ్లే గుచ్చుతారు.

గుచ్చేటప్పుడు రెండు చేతులూ రెండు వేరు పనులు చేస్తున్నాయని గమనించండి. ఒకటి నిలకడగా పట్టుకుంటుంది, ఒకటి కదులుతుంది. రాసేటప్పుడు రెండో చెయ్యి కాయితాన్ని పట్టుకోవాలి కదా, ఆ అలవాటు ఇక్కణ్ణించే వస్తుంది. ఒంటి చేత్తో రాస్తూ కాయితం జారిపోయి ఏడ్చే పిల్లల్ని ఎంతమందినో చూశాను.

కత్తెర. ఇందులో తొందరపడకండి, తక్కువగానూ చూడకండి. రెండు రెండున్నరేళ్లకి చిన్న గాటు పెట్టగలరు, మూడేళ్లకి కాయితాన్ని అడ్డంగా కత్తిరించుకుంటూ పోగలరు, నాలుగేళ్లకి గీత వెంబడి పోగలరు, గుండ్రం కత్తిరించడం నాలుగు ఐదేళ్ల మధ్య వస్తుంది. మీ బాబు ఇప్పటిదాకా కత్తెర ముట్టుకోలేదన్నారు, కాబట్టి రెండేళ్ల పిల్లవాడిలాగే మొదలుపెట్టండి. అంగుళం వెడల్పు ముక్కలు చేసి ఒక్క గాటుతో తెగేలా ఇవ్వండి. పల్చటి కాయితం వంగిపోతుంది, గట్టి అట్ట కావాలి. ఇంట్లో పాత పెళ్లిపత్రికలు ఉంటాయి కదా, అంతకంటే మంచివి లేవు. కూల్‌డ్రింకు గొట్టాలు కత్తిరిస్తే ముక్కలు ఎగిరి పడతాయి, పిల్లలు అరుస్తూ నవ్వుతారు. ఆ ముక్కల్నే ఏరించి షూ లేసుకి గుచ్చించండి.

కత్తెర ఎలా పట్టుకున్నాడో చూడండి. బొటనవేలు ఆకాశం వైపు చూడాలి, మోచెయ్యి పక్కటెముకకి ఆని ఉండాలి. మోచెయ్యి రెక్కలా పైకి లేస్తుంటే చంకలో చిన్న చేతిరుమాలు పెట్టి 'కింద పడకుండా కత్తిరించు నాన్నా' అనండి. వంపు తిప్పేటప్పుడు కత్తెర కాదు తిరగాల్సింది, కాయితం. కొనేటప్పుడు మొన మొద్దుగా ఉన్నదీ, ఇనుప అంచు ఉన్నదీ చూసి కొనండి. మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన కత్తెరలు సరిగా తెగవు. తెగకపోతే పిల్లవాడు తన చేతిలో లోపం ఉందనుకుంటాడు, కత్తెరలో అనుకోడు.

ఈ ఐదూ కాక ఒకటి రెండు విషయాలు.

భుజం నిలకడ లేకుండా వేళ్లు పనిచెయ్యవు. మిద్దె మీద పిట్టగోడ దగ్గర నిలబెట్టి, బకెట్టు నీళ్లు, పెయింటు బ్రష్షు ఇచ్చి గోడంతా నీళ్లతో 'రంగు' వెయ్యమనండి. నిలువు గోడ మీద పని చేస్తే మణికట్టు తనంతట తానే వెనక్కి వంగి, రాయడానికి కావాల్సిన తీరులో కుదురుకుంటుంది. తడిగుడ్డలు పిండించండి. ఎండాకాలం మన ఊళ్లో ఈ రెండు పనులూ వద్దనే పిల్లలు ఉండరు.

ముగ్గు నేర్పించండి, మగపిల్లాడికి కూడా. పళ్లెంలో బియ్యప్పిండి పోసి, రెండు వేళ్ల సందులోంచి సన్నగా జారుస్తూ చుక్కలు పెట్టమనండి. పిండి ధార తెగకుండా ఉండాలంటే వేళ్ల నొక్కుడు ఒకే తీరున ఉండాలి. మన తెలుగు అక్షరాల్లో నిటారు గీతలు తక్కువ, వంపులూ సున్నలూ మెలికలూ ఎక్కువ. నాలుగు చుక్కల చుట్టూ మెలికల ముగ్గు తిప్పగలిగిన చేతికి 'అ' కష్టంగా ఉండదు. బజార్లో అమ్మే ముగ్గురాతి పొడి వద్దు, అది కళ్లలో, ముక్కులో పడుతుంది.

కొంచెం పెద్ద పిల్లలుంటే, అంటే ఆరేళ్లు దాటినవాళ్లుంటే, మన శ్రీకాళహస్తి కలంకారీ కలం చేసి చూపించండి. వెదురు పుల్ల కొసకి కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ రంగుని పీల్చుకుంటుంది, కళాకారుడు దాన్ని వేళ్లతో నొక్కుతూ కొసలోకి రంగు వదులుతాడు. గీత సన్నమా లావా అన్నది ఆ నొక్కుడులోనే ఉంది. పిల్లలకి పసుపు నీళ్లలో ముంచి పాత తెల్లపంచె మీద గీయమని ఇస్తాను. ఆరాక వంటసోడా నీళ్లు చిలకరిస్తే పసుపు గీత ఎర్రబడుతుంది. మీ బాబుకి ఇది ఇప్పుడే వద్దు, వచ్చే ఏడు సంక్రాంతికి చూడండి.

జాగ్రత్తలు, వీటిని మాత్రం వదలొద్దు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో గింజలు, పూసలు కింద వదిలిపెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి. గురివింద గింజలు ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయని బొమ్మలకి అంటిస్తుంటారు. వద్దే వద్దు, గింజ నలిగి కడుపులోకి పోతే ప్రాణాంతకం. ఆముదపు గింజలూ అంతే. పచ్చగన్నేరు కాయలూ, ఏ రంగు గన్నేరు పువ్వైనా, ఉమ్మెత్త కాయలైనా చిన్నపిల్లల చేతిపనికి వాడకండి. చవితి పత్రి కోసం జిల్లేడు తుంపితే పాలు కంట్లో పడకుండా చూసి, వెంటనే చేతులు కడిగించండి. పిండిముద్ద చాలా రోజులు నిలవాలని ఉప్పు ఎక్కువ కలిపితే, అది తినేది కాదని పిల్లవాడికి చెప్పాలి, మీరు కనిపెట్టుకుని ఉండాలి.

జిగురు, పిండి, మట్టి అంటేనే చెయ్యి వెనక్కి లాక్కునే పిల్లలు కొందరు ఉంటారు. మా దగ్గర ఒక బాబు ఫెవికాల్ చుక్క వేలికి అంటితే వణికిపోయేవాడు. బలవంతం చెయ్యలేదు. బియ్యంలో చేతులు పెట్టడంతో మొదలుపెట్టాం, తర్వాత పొడి రాగిపిండి, తర్వాత గట్టి చపాతీ ముద్ద, చివరికి బంకమన్ను. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో తడిగుడ్డ ఎప్పుడూ పక్కనే ఉండేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చని వాడికి తెలుసు. ఆ ధైర్యమే వాణ్ణి ముందుకి నడిపించింది.

మీ అత్తగారు ఎడమ చెయ్యి మాన్పించమంటున్నారని ఒక ముక్క రాశారు. పెద్దావిడ మాట తీసెయ్యలేరు, తెలుసు. కానీ ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. ఏ చెయ్యి వాడాలన్నది మెదడు తేల్చుకునే విషయం, సాధారణంగా ఐదారేళ్లకల్లా స్థిరపడుతుంది. బలవంతంగా మారిస్తే రాత ఆలస్యం అవుతుంది, పిల్లవాడు బెదిరిపోతాడు. వస్తువుని ఎప్పుడూ ఎదురుగా మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీసుకుంటే ఆ చెయ్యే. ఎడమ చెయ్యే అని తేలితే ఎడమచేతి కత్తెర వేరే ఉంటుంది, అదే కొనండి. మామూలు కత్తెర ఎడమ చేత్తో పట్టుకుంటే పై అంచు గీతని కప్పేస్తుంది. 'కత్తెర అసలు రావడం లేదు' అని నా దగ్గరికి తెచ్చిన ఒక పాపకి కత్తెర మారిస్తే అదే రోజు గీత వెంబడి కత్తిరించింది. ప్రసాదం, హారతి కుడిచేత్తో తీసుకోవడం నేర్పండి. రాత జోలికి వెళ్లొద్దని అత్తగారితో నెమ్మదిగా చెప్పండి.

ఇంటి పని చాలని, డాక్టరు అక్కర్లేదని నేను అనను. పిల్లవాడు తరచూ పడిపోతున్నా, మెట్లు ఎక్కడానికి కష్టపడుతున్నా, చేతులు వణుకుతున్నా, ఒక చెయ్యి అసలు వాడకపోయినా, ముందు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోయినా మూడు నెలలు ఆగకండి. ఏడాది నిండకముందే ఒకే చెయ్యి గట్టిగా వాడుతూ రెండోది వదిలేసే పసిపిల్లల్ని కూడా చూపించాలి. పిల్లల డాక్టరుకి చెప్పి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాత, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు సాధన చేయించే నిపుణులు) దగ్గరికి రాయించుకోండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి ఎదుగుదల పరీక్షలు ఉచితం. మీ దగ్గరి అంగన్‌వాడీలో లేదా ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. మీరు రాసిన దాన్నిబట్టి బాబు సైకిలు తొక్కుతున్నాడు, అన్నం కలుపుకుని తింటున్నాడు, జిప్పు వేసుకుంటున్నాడు. నాకైతే భయపడాల్సింది కనపడలేదు. మూడు నెలలు రోజూ చేయించాక కూడా వేళ్ల సున్నా అలాగే నలిగిపోతుంటే అప్పుడు చూపించండి.

ఇక స్కూలు. టీచరమ్మ మీద కోపంగా వెళ్లకండి. 40 మంది పిల్లలూ, పై నుంచి సిలబస్ ఒత్తిడీ ఆవిడకీ ఉంటాయి. లోపం గమనించి డైరీలో రాశారంటే శ్రద్ధ ఉన్న మనిషే. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసుని ఒకే పునాది దశగా పెట్టింది. ఆ దశకి 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటలతో, బొమ్మలతో, చేతిపనులతో నేర్పమనే చెప్తోంది. ఆ విధానం ప్రకారం ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలి, మీ బాబుకి ఇంకా ఏడాది పైన ఉంది. చిన్నపిల్లల చదువుకి కొత్త పద్ధతి చూపిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన టీచర్లకి శిక్షణ ఇచ్చినప్పుడు కూడా వరస ఇదే. ముందు మూడు వేళ్లతో బుడిపెలు పట్టుకుని దిమ్మలు ఎత్తడం, బొత్తాలు పెట్టడం, గరుకు కాయితం అక్షరాల మీద వేళ్లు తిప్పడం, ఆ తర్వాతే రాత. ఇవన్నీ ఆవిడకి పాఠంలా చెప్పకండి, మీ మనసులో ధైర్యానికి ఉంచుకోండి.

ఆవిడతో ఇలా చెప్పండి: 'మేడమ్, మీరు చెప్పింది నిజమే. మూడు నెలలు ఇంట్లో చేతికి బలం వచ్చే పనులు చేయిస్తాను. అప్పటిదాకా రెండు పేజీల బదులు పలక మీద రాయించి పంపుతాను.' పలక ఎందుకంటే, అందులో బలపం ఉంది. బలపాన్ని అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్కని గుప్పిట్లో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లూ వాటంతట అవే దాని చుట్టూ చేరతాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు లేచిపోతుంటే వాటి కింద చిన్న దూదిపింజె పెట్టి దాచుకోమనండి. పలక మీద బలపం గరగరలాడుతుంది, గీతకి ఎంత బలం పెట్టాలో వేలికి తెలుస్తుంది. పైగా తప్పు పోతే తుడిచెయ్యొచ్చు, ఎర్ర సిరా ఉండదు.

నేను చూసినంతలో చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే హోంవర్కులో మొదటి వరుస బాబు రాస్తాడు. చెయ్యి నొప్పి అన్నచోట ఆపించి, అక్కడ చిన్న గీత గీసి, తేదీ వేసి, మీరు సంతకం పెట్టి పంపండి. మిగతా వరుసలు ఖాళీగానే ఉండనివ్వండి. మీరు మాత్రం వాడి చెయ్యి పట్టుకుని పూర్తి చేయించకండి, మీ రాతతో నింపి పంపకండి. ఆ సంతకాల మధ్య వరుసలు వారం వారం ఎలా పెరుగుతున్నాయో ఆవిడకీ కనిపిస్తుంది, మీకూ కనిపిస్తుంది.